నలభై గుడ్డాకులు

మా షెడ్డులో పనికి చేరిన ప్రతి కొత్త మనిషికీ మొదటిరోజు ఒక గుడ్డాకు చేతిలో పెడతాం. మా నాన్న పెట్టిన ఆనవాయితీ అది. మేం మొక్కలు అమ్మం, ఆఫీసులకీ ఆసుపత్రులకీ అద్దెకిస్తాం. అందులో సగం చీలికాకులే. మీరు చూసే ఉంటారు. చేటంత ఆకు, అంచు నుంచి నడిమి ఈనె దాకా ఎవరో కత్తెర పెట్టి కోసినట్టు చీలికలు. స్ప్లిట్ లీఫ్ ఫిలోడెండ్రాన్ అని దాని ఇంగ్లీషు పేరు. అంత పేరు పెట్టి పిలిచే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు.

దాని కాండం మీద ఆకు పుట్టే ప్రతిచోటా ఒక కణుపు ఉంటుంది. కణుపు దగ్గర కందిగింజంత ఉబ్బు ఉంటుంది. దాన్ని మేం కన్ను అంటాం. కొత్త మొక్క లేచేది ఆ కన్నులోంచే. కన్నుతో కలిపి కోస్తే అది మొక్క అవుతుంది. కన్ను తల్లి మీదే వదిలేసి, కాస్త కాండం చెక్కు, కాస్త ఊడముక్క మాత్రం వచ్చేలా కోస్తే అది గుడ్డాకు. చిత్రమేమిటంటే గుడ్డాకు చావదు. నీళ్ళలో పెడితే వేళ్ళు వేస్తుంది. మట్టిలో పెడితే పట్టుకుంటుంది. నెలల తరబడి నిగనిగలాడుతూ నిలబడుతుంది. ఇంకో ఆకు మాత్రం వెయ్యదు, మీరు తలకిందులుగా తపస్సు చేసినా వెయ్యదు.

కొత్తవాడు వారంరోజులు దానికి సేవ చేస్తాడు. ఎనిమిదో రోజు అందరం చుట్టూ చేరి, కన్నెక్కడుందో చూపించమంటాం. వాడు వెతుకుతాడు, మేం పడీపడీ నవ్వుతాం, చివరికి వాడూ నవ్వుతాడు. ఆ తర్వాత జన్మలో కన్ను వదిలి కొయ్యడు. అంతవరకూ అందులో దుర్మార్గం ఏమీ లేదు.

మా బావకి నేను ఒకటి కాదు, నలభై ఇచ్చాను. ఎనిమిదో రోజు చెప్పలేదు. నన్ను మంచివాణ్ణి అనుకుంటారని ఇదంతా చెప్పడం లేదు, ముందే అంటున్నాను.

బావ అంటే మా అక్క మొగుడు. వాచీలు బాగుచేసేవాడు. చేతికి వాచీ పెట్టుకునేవాళ్ళే తగ్గిపోయారు, పెట్టుకున్నవాళ్ళు కూడా ఆగిపోతే పారేసి కొత్తది కొంటున్నారు. దాంతో కొట్టు మూసేసి, అక్కనీ ఏడేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చి మా మేడ మీద గదిలో దిగాడు. ఎనిమిది నెలలు అక్కడే ఉన్నాడు. భోజనానికి అందరికంటే చివర వచ్చేవాడు, అందరికంటే ముందు లేచేవాడు. తిన్న కంచం తనే కడిగి బోర్లించేవాడు. ఆ కంచం కడగడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. కూర్చుని తినేవాడు దర్జాగా తింటే తిట్టుకోవచ్చు. ఇలా ఒదిగి ఒదిగి తినేవాణ్ణి ఏమని తిడతాం?

ఒకరోజు భోజనాల దగ్గర నాన్న ఆ మాట ఎత్తాడు. ఆరంతస్తుల ఆఫీసు భవనం ఒకటి కొత్తగా కట్టారు, నాలుగు నెలల్లో నలభై చీలికాకులు కావాలన్నారు, ఒక్కొక్కటి మూడేసి ఆకులతో ఉండాలి.

"అల్లుడుగారూ, ఆ నలభై మీరు పెంచండి" అన్నాడు నాన్న. అల్లుడికి మర్యాదలో ఎప్పుడూ లోటు చెయ్యడు. "పెరిగాయా, తూర్పు షెడ్డు మీది. మీరే చూసుకోండి, హాయిగా ఇక్కడే ఉండండి. పెరగలేదా, మా తమ్ముడి గోడౌన్‌లో కాపలాకి మనిషి కావాలంటున్నాడు. ఊరు దూరమే. గది కూడా ఒకళ్ళకే సరిపోతుందట. అమ్మాయీ పాపా ఇక్కడే ఉంటారు, మీకా బెంగ అక్కర్లేదు."

బావ ముద్ద చేతిలోనే ఉంచుకుని కూతురి వైపు చూశాడు. ఆ పిల్లని మేం బుడంకాయ అంటాం. అది నీళ్ళగ్లాసులో వేలు ముంచి బల్ల మీద ఏదో బొమ్మ గీస్తోంది.

"వాచీల నుంచి వాచ్‌మన్! పెద్ద దూరమేం కాదులే బావా" అన్నాను.

అక్క నవ్వింది. నాన్న కూడా మీసంలో నవ్వాడు. బావ అందరికంటే ఆలస్యంగా నవ్వి, "పెంచుతాను మావయ్యగారూ" అన్నాడు.

తూర్పు షెడ్డు నాది అని నేను పదేళ్ళుగా అనుకుంటున్నాను. నాన్న అవుననలేదు, కాదనలేదు. ఇప్పుడు నా కళ్ళముందే, అన్నంలో మజ్జిగ పోసుకున్నంత తేలిగ్గా, దాన్ని ఇంకొకడి ముందు పెట్టాడు. అక్కడే నాకు మండింది. బావాబావమరుదుల వేళాకోళం అని పైకి ఎన్నయినా చెప్పుకోవచ్చు, లోపల ఉన్నది మాత్రం ఇదే.

మర్నాడు పొద్దున బావ చొక్కా చేతులు మడిచి, నోటుపుస్తకం పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. "గురువుగారూ, నాకు ఓనమాలు కూడా రావు. మొదట్నించీ చెప్పండి" అన్నాడు. నన్ను గురువుగారూ అనడం తమాషాకే, కానీ పుస్తకం మాత్రం తమాషాకి తేలేదు.

నేను తల్లిమొక్క దగ్గర కూర్చుని కోత మొదలుపెట్టాను. గుడ్డాకు కొయ్యడం తేలికనుకునేరు. కన్నుకి వెంట్రుకవాసి ఇవతలగా కత్తి దింపాలి. నా చెయ్యి ఆ రోజు ఎంత చక్కగా తిరిగిందో చెప్పలేను. ఒక్కొక్క ఆకూ కోసి ఇస్తుంటే బావ తడిగుడ్డలో పరిచి పెట్టుకున్నాడు. వాచీలు చూసేటప్పుడు కంటికి తగిలించుకునే చిన్న భూతద్దం జేబులోంచి తీసి, కోత పెట్టినచోట చూశాడు కూడా.

"ఏం కనిపిస్తోంది బావా?"

"ఎంత శుభ్రంగా కోశారు గురువుగారూ! ఎక్కడా నలగలేదు."

భూతద్దంతో చూసినా లేనిదాన్ని గుర్తుపట్టడం అది ఎలా ఉంటుందో తెలిసినవాడికే సాధ్యం. పక్కనే గొంతుక్కూర్చున్న బుడంకాయకి తెలుసు. సెలవులన్నీ మా షెడ్డులోనే గడిపిన పిల్ల అది. ఒక ఆకు తీసి తిప్పి చూసింది, నా వైపు చూసింది, నోరు తెరిచింది. నేను పెదాల మీద వేలు పెట్టాను. బావ నీళ్ళకి వెళ్ళినప్పుడు దగ్గరికి పిలిచి చెప్పాను.

"ఇది ఆట. నాన్న తనంతట తను కనిపెట్టాలి. ముందే చెప్పేశావంటే ఆట పోతుంది."

"ఎవరికీ చెప్పకూడదా?"

"ఎవరికీ."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. పెద్దవాళ్ళ రహస్యం ఒకటి చేతికందితే ఏడేళ్ళ పిల్లకి అంతకంటే ఏం కావాలి?

మిగతా పాఠమంతా బావకి నిజాయితీగానే చెప్పాను. ఎండ నేరుగా తగలకూడదు, వలగుడ్డలోంచి జల్లెడపట్టినట్టు పడాలి. వేలు సగం దాకా మట్టిలో గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్ళు. ఆకు మీద దుమ్ము పడితే అడుగున చెయ్యి ఆనించి, పైన తడి దూదితో ఈనె వెంబడే తుడవాలి. కుండీని వారానికోసారి పావువంతు తిప్పాలి, లేకపోతే వెలుతురు వైపే మెడ చాస్తుంది. ఊడల్ని కొయ్యకూడదు, మట్టిలోకి దారి చూపించాలి. లేత ఆకులకి చీలికలు రావు, వయసు మీద వస్తాయి, తొందరపడకూడదు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. బావ అన్నీ రాసుకున్నాడు. రాసుకున్నవన్నీ చేశాడు. అంత బుద్ధిగా చేసిన శిష్యుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

ఎనిమిదో రోజు షెడ్డు పనివాళ్ళు అలవాటు ప్రకారం పన్లాపి, పళ్ళికిలిస్తూ వచ్చి నిలబడ్డారు. బావ గాజుసీసాల్లో నీళ్ళు మారుస్తున్నాడు. వాళ్ళు నా మొహం చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. "ఇది పెద్ద ఆట, ఇంకా టైముంది" అన్నాను బయటికొచ్చాక. ముసలి మేస్త్రి ఒక్కడు నవ్వలేదు. "నలభైకి నలభై ఏంటి బాబూ?" అని గొణిగాడు. ముసలాడికి చాదస్తం ఎక్కువైందన్నాను. అందరూ మళ్ళీ పనిలో పడ్డారు.

పద్దెనిమిదో రోజు బావ కేకేశాడు. ఆ మనిషి గొంతు అంత పైకి లేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. "వేళ్ళు! వేళ్ళొచ్చాయి, చూడండి!" ఒక సీసా రెండు చేతులా పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తుకొచ్చాడు. కాఫీ తాగుతున్న నాన్న ముందు పెట్టాడు. తెల్లటి వేళ్ళు నాలుగు, నీళ్ళలో ఊగుతున్నాయి. నాన్న సీసాని వెలుతురుకెత్తి చూశాడు. ఆయనకి ఒక్క చూపు చాలు. సీసా దించి, నా వైపు చూసి, మళ్ళీ కాఫీ అందుకున్నాడు.

"బాగున్నాయి అల్లుడుగారూ. అలాగే కానివ్వండి" అన్నాడు.

తర్వాత నన్ను వెనక షెడ్డుకి పిలిచాడు.

"ఎన్ని?"

"నలభై."

"అన్నీనా?"

"అన్నీ."

చెంప పగలగొడతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా జరిగితే బాగుండుననే అనుకున్నాను. నాన్న వంగి ఒక ఎండుటాకు తీసి బుట్టలో వేశాడు.

"ఇవాళే నలభై మంచివి కోసి ఇక్కడ పెట్టు. వాళ్ళకి మాటిచ్చాం, మాట పోకూడదు."

"మరి బావ?"

"అల్లుడుగారికి పని దొరికిందిగా, చేసుకోనీ" అని వెళ్ళిపోయాడు. బావ వెనక షెడ్డుకి రాకుండా చూడమని మాత్రం వెళుతూ వెళుతూ అన్నాడు. అలా ఆ రోజు నుంచీ నా ఆట మా నాన్న ఆట కూడా అయింది. మీకు నమ్మకం కలగకపోవచ్చు గాని, ఆ రోజంతా నేను ఈల వేస్తూ పనిచేశాను.

అక్కకి ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. ఒకసారి వంటింట్లో పాలు కాస్తుంటే పక్కకి వెళ్ళి, "అక్కా, బావకి చెప్పెయ్యనా?" అన్నాను. ఏం చెప్పాలో వివరించబోయాను.

"నాకు చెబుతావేంట్రా? ఈ ఇంట్లో పుట్టలేదా నేను?" అంది, పొంగు వైపే చూస్తూ. "చెప్పకు. ఎనిమిది నెలల తర్వాత ఇప్పుడిప్పుడే నిద్రపోతున్నాడు. నవ్వుతున్నాడు కూడా."

"మరి నాలుగు నెలలయ్యాక?"

"అయ్యాక చూద్దాం." స్టవ్వు తగ్గించి, ఇంకాస్త నెమ్మదిగా అంది. "వెళ్తే వెళ్తాడు. పదేళ్ళు వాచీల మీద వంగి కూర్చున్నాడు, నేను పక్కన నిలబడ్డా తలెత్తి చూసేవాడు కాదు. ఇప్పుడు ఆకుల మీద వంగి కూర్చుంటున్నాడు. వంగితే చాలు ఆ మనిషికి, ఎదురుగా ఏదైనా ఒకటే. కొన్నాళ్ళు నన్ను కూడా ఊపిరి పీల్చుకోనివ్వండి."

పెళ్ళాం ఆ మాట అన్నాక ఇక నాకేం బాధ్యత అనుకున్నాను. అలా అనుకోవడానికి ఎంత తేలిగ్గా ఉందో!

రెండో నెలలో సీసాల్లోంచి కుండీల్లోకి మార్చాడు. మట్టి, కొబ్బరిపొట్టు, బొగ్గుముక్కలు, కొలతపెట్టి కలిపాడు. ప్రతి కుండీకీ ఒక చీటీ, చీటీ మీద తేదీ. సాయంత్రం బడి నుంచి రాగానే బుడంకాయ పుస్తకాలసంచీ విసిరేసి తండ్రి దగ్గరికి పోయేది. ఇద్దరూ ఒక్కొక్క కుండీ దగ్గరా వంగి చూసేవాళ్ళు. "ఇవాళ వచ్చిందా నాన్నా?" "ఇంకా లేదమ్మా. రేపొస్తుందేమో." "ఏది ముందొస్తుందో పందెం!" అని ఆ పిల్ల నా వైపు తిరిగి కన్ను కొట్టేది. తండ్రి పదమూడో కుండీ అన్నాడనుకోండి, అది ఇరవయ్యో కుండీ అనేది. తండ్రీకూతుళ్ళు అంత దగ్గరగా కూర్చోవడం కొట్టున్న రోజుల్లో ఎప్పుడూ లేదట. ఆ ముక్క బావే చెప్పాడు నాకు. "ఇన్నాళ్ళూ దీన్ని నిద్రపోతున్నప్పుడే చూశాను గురువుగారూ. ఇది ఇంత మాట్లాడుతుందని నాకు తెలియదు" అన్నాడు. నేను నాలుగు మాటలు కలిపి, వెనక షెడ్డుకి పోయాను. అక్కడ నా నలభైకీ కన్ను విచ్చుకుని లేతాకుపచ్చ ములుకులు లేస్తున్నాయి.

ఆ నెలాఖరున బావ పాకుడుకర్రలు మొదలుపెట్టాడు. చీలికాకు పైకి పాకడానికి కొబ్బరిపీచు చుట్టిన కర్ర పాతుతాం. ఒక్క ఆకే ఉన్న కుండీకి కర్ర దేనికి? "లేచాక పాతితే వేళ్ళు తెగుతాయని మీరే చెప్పారుగా" అన్నాడు. చెప్పాను, నిజమే. నలభై కర్రలు చెక్కాడు, నలభైకీ పీచు చుట్టాడు, వాచీ చైన్లు బిగించే వేళ్ళతో ముడి ఎక్కడుందో కనిపించకుండా బిగించాడు. అలాంటి కర్రలు మా షెడ్డులో ముందెప్పుడూ లేవు. ఆ కర్రలు చూడ్డానికి పనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, బయటికెళ్ళి, గోడకానుకుని కడుపు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, ముసలి మేస్త్రి మాత్రం ఆ వారం నుంచీ తూర్పు షెడ్డు వైపు రావడం మానేశాడు.

ఒక్కసారి మాత్రం చెప్పేద్దామనుకున్నాను. అప్పటికి సరిగ్గా రెండు నెలలు మిగిలున్నాయి. మంచి కోతలు పెట్టి మూడు ఆకులు రావడానికి ఎంత లేదన్నా రెండు నెలలు పడుతుంది. ఆ రోజు చెబితే బావ కష్టపడి అందుకోగలడు. మర్నాడు చెబితే అందుకోలేడు. ఈ విషయం తెలిసే పొద్దున్నే తూర్పు షెడ్డుకి వెళ్ళాను. నా పాత వాచీ ఒకటి రెండేళ్ళుగా సొరుగులో చచ్చిపడి ఉంది. బావ దాన్ని ఎప్పుడు తీశాడో ఏమో, బాగుచేసి, తుడిచి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"గురుదక్షిణ" అన్నాడు నవ్వుతూ. "మీరు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో. ఈ ఇంట్లో నన్ను మనిషిలా చూసి పని నేర్పింది మీరొక్కరే."

నాకు సిగ్గేసి ఉండాలి. సిగ్గు కాదు, అరికాలి మంట నెత్తికెక్కింది. మోసం చేస్తున్నవాడికి థాంక్సు చెప్పే మనిషి కంటే చేతకానివాడు ఉంటాడా? కళ్ళుండి చూడలేనివాణ్ణి నేనెందుకు కాపాడాలి? పనివాళ్ళ నవ్వులు వినబడలేదా? నేను ప్రతిసారీ మొహం ఎందుకు తిప్పుకుంటున్నానో అడగొద్దా? ఇలా ఒక్కొక్కటీ వాడి తప్పే అని తేల్చుకుని, వాచీ చేతికి పెట్టుకుని, "బాగా నడుస్తోంది బావా" అని వచ్చేశాను. ఆ రోజు గడిచిపోయింది.

నాలుగో నెల చివర ఒక ఆదివారం పొద్దున నాన్న తూర్పు షెడ్డుకి వచ్చాడు. వెనక నేను, అక్క, నలుగురు పనివాళ్ళు. నలభై కుండీలూ నాలుగు వరసల్లో పెట్టి ఉన్నాయి. ఒక్కొక్క కుండీలో ఒక్కొక్క ఆకు. నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఒక్కదాని మీద మచ్చ లేదు, ఒక్క అంచు ఎండలేదు. ఎంత పాడైపోయిన మనిషైనా ఒప్పుకుని తీరాలి, అంత ఆరోగ్యమైన గుడ్డాకుల్ని ప్రపంచంలో ఎవరూ పెంచి ఉండరు.

బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"ఇంకో పదిరోజులు ఇప్పించండి మావయ్యగారూ. మొలక ఆలస్యమైంది, నిజమే. కానీ వేళ్ళు కుండీ నిండా ఉన్నాయి. ఇంత వేరున్నది లేవకుండా ఉండదు."

"ఏదీ, ఒకటి దులపండి" అన్నాడు నాన్న.

బావ కర్ర పీకి, కుండీ బోర్లించి, మట్టి దులిపి చూపించాడు. నిజంగానే గుబురుగా ఉన్నాయి వేళ్ళు. నాన్న ఆకు కాడ మొదట్లో బొటనవేలి గోరు ఆనించాడు.

"ఇక్కడ కన్నుండాలి అల్లుడుగారూ. మొక్క లేచేది దాన్లోంచే. దీనికి లేదు."

బావకి అర్థం కాలేదు. నాన్న పక్కనున్న తల్లిమొక్క మీద కన్ను చూపించాడు. బావ భూతద్దం తగిలించుకుని దాన్ని చూశాడు, తన చేతిలోదాన్ని చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. మొహంలో రంగు పోయింది. అయినా ఏమన్నాడో తెలుసా?

"ఒకటి పొరపాటున వచ్చుంటుంది. మిగతావి చూస్తాను."

రెండో కుండీ బోర్లించాడు. మూడోది. నాలుగోది. ఒక్కొక్కదాని మట్టి దులిపి, కాడ మొదలు తుడిచి, భూతద్దంతో చుట్టూ తిప్పి చూసి, మళ్ళీ జాగ్రత్తగా కుండీలో నిలబెట్టి మట్టి కప్పుతున్నాడు. ఎవరూ ఆపలేదు. నాన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అక్క స్తంభానికి ఆనుకుని నిలబడింది. పనివాళ్ళలో ఒకడు కిసుక్కుమన్నాడు, తర్వాత అదీ లేదు. నాకు వెళ్ళిపోవాలనిపించింది. అందరూ ఉండగా నేనొక్కణ్ణే వెళ్ళడం బాగుండదని ఉండిపోయాను. గంట దాటింది. బావ ఇరవై ఆరో కుండీ దులుపుతున్నాడు.

బుడంకాయకి విసుగు పుట్టింది. పాపం, ఎంతసేపని నిలబడుతుంది?

"నాన్నా, చాల్లే" అంది. "దేనికీ లేదు. నేను మొదటిరోజే చూశాను."

బావ తలెత్తాడు. భూతద్దం కంటికే ఉంది.

"చూశావా?"

"ఊఁ. మామయ్య ఆట అన్నాడు. నువ్వే కనిపెట్టాలన్నాడు. నాకు తెలుసు, మామయ్యకి తెలుసు, తాతయ్యకి తెలుసు, వీళ్ళందరికీ తెలుసు. అమ్మకీ తెలుసు. నీకొక్కడికే తెలీదు!" అని చప్పట్లు కొట్టింది.

బావ అక్క వైపు చూశాడు. అక్క బొటనవేలితో నేల గీరుతోంది. అతను భూతద్దం తీసి జేబులో వేసుకున్నాడు. మోకాళ్ళ మీద నిలబడి కూతురి జుట్టు సవరించాడు.

"ఆట బాగుందా తల్లీ?" అని అడిగాడు.

"చాలా బాగుంది. అందరికంటే నువ్వే బాగా ఆడావు" అంది పిల్ల.

అతను తల ఊపాడు. లేచి మిగిలిన పద్నాలుగు కుండీలూ చూడకుండానే వరస సరిచేశాడు. "మీ తమ్ముడుగారికి ఫోన్ చెయ్యండి మావయ్యగారూ" అన్నాడు. నాన్న సరేనన్నాడు. బావ నన్ను తిడతాడనో, కొడతాడనో సిద్ధంగా నిలబడ్డాను. నా పక్కనుంచే నడిచి వెళ్ళాడు, దారిలో ఉన్న కుండీని తప్పుకున్నట్టు తప్పుకుని.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు. చిన్న పెట్టె ఒకటే. నేనూ వస్తానని బుడంకాయ చొక్కా పట్టుకుంది. అక్కడ గది చిన్నదన్నాడు. నేను కూడా చిన్నదాన్నేగా అంది. అక్క వచ్చి దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. అదే వారం వెనక షెడ్డులోని నా నలభై మొక్కలూ ఆరంతస్తుల భవనానికి వెళ్ళాయి, మూడేసి ఆకులతో, బావ చెక్కిన కర్రలకి కట్టుకుని. గుడ్డాకుల్ని నాన్న పారెయ్యనివ్వలేదు. పచ్చగా ఉన్నదాన్ని ఎందుకు పారెయ్యాలన్నాడు. ఎవరూ తలతిప్పి చూడని లిఫ్టుల పక్కకి, మెట్ల కిందకి తలా ఒకటీ పంపించాడు. తూర్పు షెడ్డు తాళాలు నాకిచ్చాడు.

బావ అక్కడికి చేరి రెండు వారాలైంది. ఆదివారాలు ఫోన్ చేసి పిల్లతో రెండు ముక్కలు మాట్లాడేవాడు. ఏం తిన్నావు, బడికెళ్ళావా, అంతే. మూడో ఆదివారం ఫోన్ రాలేదు. ఆ సాయంత్రం నేను తల్లిమొక్క ఆకులు తుడుస్తుంటే బుడంకాయ వచ్చి పక్కన కూర్చుంది.

"మామయ్యా, నాన్న నా మూలంగానే వెళ్ళిపోయాడు కదా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నువ్వు చెప్పొద్దన్నావు. నేనేమో చెప్పేశాను. చెప్పకుండా ఉంటే నాన్న ఇంకా వెతుక్కుంటూ ఇక్కడే ఉండేవాడు."

కాదమ్మా అనడానికి ఎంతసేపు పడుతుంది? నోటిదాకా వచ్చింది కూడా. కానీ కాదంటే మరి ఎవరి మూలంగా అని అడుగుతుంది. ఈ పిల్ల ఊరికే వదిలే రకం కాదు. మొదటిరోజు దగ్గర్నుంచీ తవ్వుతుంది, నన్నడుగుతుంది, వాళ్ళమ్మని అడుగుతుంది, తాతయ్యని అడుగుతుంది. రేపు తండ్రి ఫోన్ చేస్తే ఆయన్నీ అడుగుతుంది. నేను దూది తడిపి, పిండి, ఇంకో ఆకు కింద చెయ్యి ఆనించాను.

ఆ పిల్ల నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. జవాబు రాకపోయేసరికి అదే జవాబనుకుంది. రెండు చేతులూ తెచ్చి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకెప్పుడూ ఎవరికీ ఏదీ చెప్పను మామయ్యా" అంది వేళ్ళ సందుల్లోంచి.

"మంచిపిల్లవి" అన్నాను.